డిస్కులను ఎవరి చేతిలో పెట్టవలెను?

భారతదేశపు కంపెనీల చట్టము, 2013, ప్రతి కంపెనీయు తన లెక్కపుస్తకములను వాటికి ఆధారమైన వోచర్లతో సహా కనీసము 8 ఆర్థిక సంవత్సరముల కాలము భద్రపరచవలెనని శాసించుచున్నది. ఒకనాడు ఎర్రబట్ట అట్టలు కట్టించుకొని బీరువాలలో కొలువుదీరియుండిన ఆ పుస్తకములు నేడు కార్యాలయమున ఒక మూలగదిలో, ఎనిమిదియో పండ్రెండో డిస్కులు గల ఒక ఇనుపపెట్టెలో, అయస్కాంతపు గుర్తులుగా మారి, నెట్‌వర్కు కేబులు గుండా ప్రతి బల్లమీది కంప్యూటరునకును అందుచున్నవి. ఆ డిస్కులలో మేలురకపు వాటికి తయారీదారులు సాధారణముగా ఇచ్చు వారంటీ 5 సంవత్సరములు. చట్టము పుస్తకమునకు విధించిన ఆయువు యంత్రమునకు తయారీదారుడు పూచీపడిన ఆయువుకంటె అధికమగుటచేత, వ్యాపారసంస్థ యొక్క సమాచారము ఒక యంత్రమునుండి మరొక యంత్రమునకు ఎప్పుడో ఒకప్పుడు తరలిపోక తప్పదు. ఆ తరలింపు సుఖముగా సాగునా, శోకాంతమగునా అనునది డిస్కులకంటెను ఎక్కువగా, వాటిని ఏలు ఒక చిన్న కార్డుమీద ఆధారపడియున్నది.

ఆ కార్డునకే డిస్కు కంట్రోలరని పేరు. సర్వరు కొనువారు డిస్కుల పరిమాణమును విచారింతురు, ప్రాసెసరు ఏ తరముదని అడుగుదురు, మెమొరీ ఎన్ని గిగాబైట్లని బేరమాడుదురు. డిస్కులకును ప్రాసెసరునకును నడుమ నిలిచి, ప్రతి చదువును ప్రతి వ్రాతను తన చేతిమీదుగా నడిపించు ఈ అరచేతి వెడల్పు కార్డునుగూర్చి అడుగువారు మాత్రము అరుదు. కొటేషనులో అది ఒక్క పంక్తిగా వచ్చి ఒక్క పంక్తిగానే పోవును.

అడుగు కొద్దిమందియు మొట్టమొదట దాని వేగమునే అడుగుదురు. ఆ ప్రశ్న ఎంత అల్పప్రయోజనమో స్వల్పగణితముచేత తెలియగలదు. నిమిషమునకు 7,200 మారులు తిరుగు డిస్కునకు ఒక చుట్టు తిరుగుటకు 8.33 మిల్లీసెకనులు పట్టును; కోరిన గుర్తు చదువుతల క్రిందికి వచ్చుటకు సగటున అందులో సగము, అనగా 4.17 మిల్లీసెకనులు, వేచియుండవలెను. తల ఒక వలయమునుండి మరొక వలయమునకు జరుగుటకు మరియొక 8 మిల్లీసెకనులు చేర్చినయెడల, అక్కడక్కడ చెదరియున్న చిన్న తునకలను చదువునపుడు సెకనుకు సుమారు 80 పనులకు మించి ఆ డిస్కు చేయజాలదు. వరుసగా పరచియున్న పెద్ద ఫైలును చదువునపుడు అదే డిస్కు సెకనుకు 200 మెగాబైట్లకు పైగా ఇయ్యగలదు. కాని కార్యాలయపు నెట్‌వర్కు గిగాబిట్ ఈథర్నెట్ అయినచో ఆ తీగ గుండా సెకనుకు 125 మెగాబైట్లకు మించి పారదు గనుక, ఒక్క డిస్కే తీగను నిండుగా నింపివేయును. 10 గిగాబిట్ తీగ వేసినను హద్దు 1,250 మెగాబైట్లు. సర్వరు డిస్కులను తగిలించు శాస్ అను పద్ధతికి చెందిన, ఎనిమిది మార్గములు గల సామాన్యపు కార్డు, పాత 6 గిగాబిట్ తరమునకు చెందినదైనను, మార్గమునకు 600 మెగాబైట్ల చొప్పున సెకనుకు 4,800 మెగాబైట్లు మోయగలదు. అది కూర్చుండు రెండవ తరపు పీసీఐ ఎక్స్‌ప్రెస్ స్లాటు 4,000 వద్ద ఆపివేసినను, తీగ కోరుదానికి మూడింతలు మిగిలియుండును. కావున తిరుగు డిస్కులతో నడుచు వ్యాపార సర్వరున వేగమునకు అడ్డుపడునవి ఒక వైపున చదువుతల కదలిక, మరొక వైపున నెట్‌వర్కు తీగ. నడుమనున్న కార్డును మరియొక ప్రశ్నచేత పరీక్షింపవలెను: అది ఒకనాడు చచ్చిపడినపుడు మన సమాచారమేమగును?

ఈ ప్రశ్నకు మూలము 1980ల దశకమున ఉన్నది. ఆనాడు పెద్ద సంస్థల సమాచారమంతయు ఐబీఎమ్ 3380 వంటి మహాకాయములైన డిస్కులలో నుండెడిది: 14 అంగుళముల పళ్లెములు, 7,500 మెగాబైట్ల పరిమాణము. అప్పుడే బల్లమీది కంప్యూటర్లకొరకు కానర్ కంపెనీ చేసిన సీపీ3100 వంటి మూడున్నర అంగుళముల చిన్న డిస్కులు, ఒక్కొక్కటి 100 మెగాబైట్ల చొప్పున, చవుకగా అంగడికి వచ్చుచుండెను. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు బర్కిలీ శాఖలో డేవిడ్ పాటర్సన్, గార్త్ గిబ్సన్, రాండీ కాట్జ్ అను మువ్వురు, 1988లో షికాగో నగరమున సిగ్మోడ్ సభకు సమర్పించిన వ్యాసములో, ఒక మహాకాయమునకు బదులు పెక్కు చిన్న డిస్కులను జతగూర్చి వాడరాదా యని ప్రతిపాదించిరి. అందులకు వచ్చు మొదటి ఆక్షేపణను వారే లెక్కగట్టి చూపిరి. ఒక్కొక్క చిన్న డిస్కు సగటున 30,000 గంటలు నడిచి చెడునదైనచో, నూరు డిస్కుల కూటమిలో ఏదో ఒకటి 300 గంటలకే చెడును. రెండు వారములైనను నిండవు. ఈ లెక్కను దాచక, దానినే తమ వాదమునకు పునాదిగా చేసికొని, చెడిన డిస్కులోని సమాచారమును మిగిలినవాటినుండి రాబట్టు పద్ధతులను అయిదు అంతస్తులుగా వర్గీకరించి, వాటికి రెయిడ్ అని పేరిడిరి. ఆలోచన పూర్తిగా క్రొత్తది కాదు. ఐబీఎమ్ సంస్థకు చెందిన నార్మన్ కెన్ ఔచి అట్టి పద్ధతికి 1978లోనే పేటెంటు పొందియుండెను. కాని లోకము దానిని గ్రహించి అనుసరించినది బర్కిలీ వ్యాసము పిమ్మటనే.

ఆ పద్ధతికి ప్రాణము పారిటీ. పూర్వము గ్రామకరణము పుటలోని పద్దులన్నియు కూడి అడుగున మొత్తము వేసెడివాడు; ఒక పద్దుమీద సిరా ఒలికి అంకె కనబడకపోయినను, మొత్తమునుండి మిగిలిన పద్దులను తీసివేసినచో పోయిన అంకె తిరిగివచ్చును. పారిటీ అట్టి మొత్తమే, కూడికకు బదులు ద్విసంఖ్యామానపు క్రియ ఒకటి వాడబడును: డిస్కులన్నిటిలో ఒకే స్థానముననున్న బిట్లను చూచి, ఒకటుల సంఖ్య బేసియైనచో 1 అనియు, సరియైనచో 0 అనియు వ్రాయుదురు. నాలుగు డిస్కులలో 1, 0, 1, 1 ఉన్నచో పారిటీ 1. మూడవ డిస్కు పోయినది. మిగిలిన 1, 0, 1 లను పారిటీయైన 1తో కలిపి లెక్కింపగా ఒకటులు మూడు, బేసి. కాబట్టి పోయినది 1. ఇంత సులభమైన గణితముమీద నేటి బ్యాంకులును ఆసుపత్రులును నిలిచియున్నవని తలచినపుడు నాకు ఇప్పటికిని ఆశ్చర్యము కలుగును.

అయినను కరణపు లెక్కలో ఒక పరిమితి కలదు, దానిని మరువరాదు. సిరా ఒలికిన పద్దు ఏదియో కంటికి తెలియుచున్నది గనుకనే దానిని పునరుద్ధరింపగలిగితిమి. ఎక్కడను సిరా పడక, ఎవరో ఒక పద్దులోని అంకెను చడీచప్పుడు లేక దిద్దియుండినచో, మొత్తము కుదరలేదని మాత్రమే తెలియును. తప్పు ఏ పద్దున ఉన్నదో మొత్తము చెప్పజాలదు.

పారిటీకి మూల్యము వ్రాతలో చెల్లింపవలెను. అయిదవ అంతస్తు రెయిడ్‌లో ఒక చిన్న తునకను మార్చుటకై పాత తునకను చదివి, పాత పారిటీని చదివి, క్రొత్త తునకను వ్రాసి, క్రొత్త పారిటీని వ్రాయవలెను. ఒక్క పనికి నాలుగు పనులు. పిమ్మట వచ్చి చేరిన, రెండు పారిటీలు ఉంచు ఆరవ అంతస్తులో అవి ఆరు. ఎనిమిది డిస్కులు కలిసి సెకనుకు 640 పనులు చేయగలిగినను, ఆరవ అంతస్తున చిన్న వ్రాతలు 106 మాత్రమే సాగును. దీనికి తోడు మరింత సూక్ష్మమైన ప్రమాదమొకటి పొంచియుండును. తునక వ్రాయబడి, పారిటీ ఇంకను వ్రాయబడకయే కరెంటు పోయినదనుకొనుడు. ఆ రెండింటికిని పొందిక తప్పినది, కాని ఏ ఫైలు చెడినట్లును కనబడదు. నెలలు గడచిన పిమ్మట మరియొక డిస్కు చెడి, ఆ తప్పుడు పారిటీనే నమ్మి పోయినదానిని లెక్కగట్టినపుడు, ఆనాడెవ్వరును ముట్టని ఫైలొకటి పాడై బయటపడును. వృత్తిలోనివారు దీనిని రైట్ హోల్ అందురు.

ఈ రెండు కష్టములను తీర్చుటకై పుట్టినదే హార్డ్‌వేర్ రెయిడ్ కార్డు. దానికి సొంత ప్రాసెసరు కలదు. 1990లలో పెక్కు కార్డులమీద ఇంటెల్ వారి ఐ960 చిప్పు ఆ పని చేసెడిది. దానికి సొంత మెమొరీయు, ఆ మెమొరీకి కాపుగా ఒక చిన్న బ్యాటరీయు కలవు. సర్వరు వ్రాయుమన్న తునకను కార్డు తన మెమొరీలోనికి తీసికొని, తక్షణమే వ్రాసితినని బదులిచ్చి, ఆ తరువాత తీరికగా, పక్కపక్కనున్న తునకలను చేర్చి, డిస్కులకు పంపును. నడుమ కరెంటు పోయినచో బ్యాటరీ ఆ మెమొరీని గంటల తరబడి సజీవముగా నిలుపును. నేటి కార్డులలో బ్యాటరీకి బదులు సూపర్ కెపాసిటరు నుంచి, కరెంటు పోయిన మరుక్షణమున మెమొరీలోనిదంతయు ఫ్లాష్‌లోనికి దించివేయుచున్నారు. ప్రతి లావాదేవీయు పదిలముగా వ్రాయబడువరకు ఆగి ముందుకుపోవు డేటాబేసులకు ఇది నిజమైన ఉపకారము. పదిపన్నెండు మిల్లీసెకనుల నిరీక్షణము మిల్లీసెకనులో చిన్న భాగమునకు దిగును. దీనిని తక్కువచేసి మాటాడుట న్యాయము కాదు.

అయితే ఆ కార్డును సమర్థించిన రెండు కారణములలో మొదటిది కాలము మింగివేసినది. పారిటీ లెక్క నేటి సర్వరు ప్రాసెసరునకు లెక్కలోనిది కాదు. లినక్సు తన రెయిడ్ భాగమును మెమొరీలోనికి దించుకొనునపుడు తనకు తెలిసిన పద్ధతులన్నిటిని పరుగుపెట్టించి, సెకనుకు ఎన్ని మెగాబైట్లు లెక్కగట్టగలనో కొలిచి, గెలిచినదానిని తానే ఎన్నుకొని తెరమీద ప్రకటించును. ఆ అంకె నేటి ప్రాసెసర్లలో సెకనుకు అనేక గిగాబైట్లు. మిగిలినది బ్యాటరీతో కాపాడబడు మెమొరీ ఒక్కటే. దానికొరకు మనము చెల్లించు వెల ఎంతయో ఇప్పుడు విచారింతము.

మొదటి వెల పరాధీనత. రెయిడ్ కార్డు, ఏ తునక ఏ డిస్కుమీద ఏ వరుసలో ఉన్నదో తెలుపు పట్టికను, తన తయారీదారుని ఆకృతిలో డిస్కులమీద వ్రాసికొనును. డిస్కులన్నియు కులాసాగా నుండి కార్డు మాత్రము చెడినచో, అదే కుటుంబమునకు చెందిన మరియొక కార్డు దొరకువరకు ఆ డిస్కులు మూగవి. అందరికిని సమానమగు ఆకృతి యొకటి ప్రమాణముగా రూపొందింపబడినను, ఒకరి డిస్కులు మరొకరి కార్డులో వెంటనే తెరచుకొనునని నమ్మి కొనుట దుస్సాహసము. ఈ వర్తకపు చరిత్రను చూడుడు. 3వేర్ అను ప్రసిద్ధమైన కార్డుల సంస్థ 2004లో ఏఎమ్‌సీసీ చేతికి పోయెను. ఆ కార్డులు 2009లో ఎల్ఎస్ఐ వశమాయెను. ఎల్ఎస్ఐని 2014లో అవాగో కొనెను. అవాగో 2016లో బ్రాడ్‌కామ్ పేరు ధరించెను. అడాప్టెక్ కార్డులు 2010లో పీఎమ్‌సీ-సియెర్రాకును, అచ్చటినుండి 2016లో మైక్రోసెమీకిని, 2018లో మైక్రోచిప్‌నకును చేరినవి. ఎనిమిదేండ్ల పుస్తకమును ఇట్టి చేతులు మారు ముద్రతో మూసిపెట్టుట యుక్తమా యని వ్యాపారి తనలో తాను ప్రశ్నించుకొనవలెను.

రెండవది, బ్యాటరీ కూడ ముసలిదగును. లిథియమ్ బ్యాటరీ గల కార్డు అప్పుడప్పుడు తన బ్యాటరీని పూర్తిగా ఖాళీచేసి నింపి దాని సత్తువను పరీక్షించుకొనును. ఆ కొన్ని గంటలు, లేదా బ్యాటరీ చెడినచో దానిని మార్చువరకు, జాగ్రత్త గల కార్డు మెమొరీని నమ్మక ప్రతి వ్రాతను నేరుగా డిస్కునకే పంపును. సర్వరు నిన్నటివరకు చక్కగా నడిచి నేడు ఏల మందగించెనో తెలియక నెట్‌వర్కునందు దోషములు వెదకు కార్యాలయములలో పెక్కింటికి సమాధానము ఈ చిన్న బ్యాటరీయందే దొరకును. అంతకంటె అపాయకరమైనది, వేగమునకు ఆశపడి, బ్యాటరీ లేకున్నను మెమొరీనే వాడుమని అమరిక మార్చిపెట్టుట.

మూడవ వెల అన్నిటికంటె భారమైనది. అది సత్యమునకు సంబంధించినది. విస్కాన్సిన్ విశ్వవిద్యాలయమునకును నెట్‌ఆప్ సంస్థకును చెందిన పరిశోధకులు 2008లో ప్రకటించిన ఒక అధ్యయనమున 15.3 లక్షల డిస్కులను 41 నెలలపాటు గమనించి, తునకలోని బిట్లనుండి లెక్కగట్టి ఉంచు ముద్రయగు చెక్‌సమ్‌తో సరిపోలని తునకలను 4 లక్షలకు పైగా కనుగొనిరి. అనగా డిస్కు చెడినానని చెప్పలేదు, చదువలేనని మొరపెట్టలేదు. అడిగినదానికి బదులుగా వేరొకదానిని ఇచ్చి, ఇదియే నీవు వ్రాసినదని నిబ్బరముగా పలికినది. కరణపు పుటలో చడీచప్పుడు లేక దిద్దబడిన పద్దు ఇదియే. సామాన్యపు రెయిడ్ కార్డు ప్రతి చదువునందును పారిటీని సరిచూడదు, సరిచూచినను ఒక్క పారిటీతో దోషి ఎవరో తేల్చజాలదు; నెలకొకమారు జరుపు తనిఖీలో పొందిక తప్పినట్లు కనబడినచో డేటాయే నిజమనుకొని పారిటీని దిద్దివేయు ఆచారము కలదు. దొంగసాక్ష్యము అట్లు శాశ్వతమగును.

డిస్కుల ఆయుర్దాయమునుగూర్చిన మాట కూడ ఇక్కడనే చెప్పవలెను. రెయిడ్ వ్యాసకర్తలలో ఒకడైన గిబ్సనే, బియాంకా ష్రోడర్‌తో కలిసి, 2007లో సుమారు లక్ష డిస్కుల చరిత్రను పరిశీలించెను. తయారీదారుల కాగితములు ఏడాదికి నూటికి 0.88కి మించి చెడవని సూచించుచుండగా, వాస్తవమున 2 నుండి 4 వరకు మార్చవలసివచ్చుట సామాన్యమనియు, కొన్ని చోట్ల అది 13 వరకును పోయినదనియు తేలెను. ఇక నేటి 16 టెరాబైట్ల డిస్కు చెడినచో, సెకనుకు 200 మెగాబైట్ల చొప్పున ఎడతెగక వ్రాసినను క్రొత్తదానిని నింపుటకు 22 గంటలు పట్టును; సర్వరు తన నిత్యకృత్యములు కూడ చేసికొనుచున్నచో దినములు పట్టును. ఎనిమిది డిస్కుల అయిదవ అంతస్తున ఆ కాలములో మిగిలిన ఏడింటినుండి 112 టెరాబైట్లు ఒక్క తప్పు లేకుండ చదువవలెను. మేలురకపు డిస్కులకు తయారీదారుడు ఇచ్చు మాట 10^15 బిట్లకు, అనగా 125 టెరాబైట్లకు, చదువరాని చోటు ఒకటికి మించదని. చవుకరకమునకు ఆ హద్దు 12.5 టెరాబైట్లే. ఈ అంకెలను ఒకదాని ప్రక్కన ఒకటి నిలిపి చూచినవారు పెద్ద డిస్కులతో ఒక్క పారిటీని ఎన్నడును కోరరు. రెండవ పారిటీకి మూలమైన గణితము, ఇరువదేండ్ల ప్రాయమున 1832లో మరణించిన ఫ్రెంచి యువకుడు ఎవారిస్త్ గాల్వా ఆలోచనలనుండి వచ్చినది. మనుష్యుని చిన్నతనపు కృషి ఎంత దూరము ప్రయాణము చేయునో!

దోషిని గుర్తించు ఉపాయమును సన్ మైక్రోసిస్టమ్స్ సంస్థలో జెఫ్ బాన్‌విక్, మాథ్యూ ఆరెన్స్ ప్రభృతులు 2001లో ఆరంభించిన జెడ్ఎఫ్ఎస్ అను ఫైల్ సిస్టమ్ అందించెను; 2005లో దాని మూలము లోకమునకు విడుదలయ్యెను. ప్రతి తునకకును ఒక చెక్‌సమ్ కట్టి, దానిని ఆ తునక ప్రక్కన కాక, దానిని చూపు పై తునకలో ఉంచుట ఇందలి కీలకము. దిద్దబడిన పద్దు తన ముద్రను తానే దిద్దుకొనలేదు. చదివిన తునక ముద్రతో సరిపోలనిచో, ఫైల్ సిస్టమ్ పారిటీ సహాయమున సరియైన తునకను కట్టి, ముద్రతో పోల్చి, అడిగినవారికిచ్చి, చెడినచోట దానిని తిరిగి వ్రాయును. ఉన్నదానిపై వ్రాయక ఎల్లప్పుడును క్రొత్తచోట వ్రాసి, అంతయు పూర్తియైన పిమ్మటనే పాతదానిని విడుచుటచేత, రైట్ హోల్ అను ప్రమాదము దానికి లేదు. అన్నిటికంటె వ్యాపారికి ముఖ్యమైన సంగతి: డిస్కులమీది పట్టిక ఏ కార్డునకును చెందినది కాదు. డిస్కులను తీసి, వేరొక తయారీదారుని సర్వరున, వేరొక కార్డునకు, వేరొక వరుసలో తగిలించినను అవి తెరచుకొనును. లినక్సులోని ఎండీ రెయిడ్‌నకు ఇట్టి ముద్రలు లేకపోయినను, ఎక్కడనైనను తెరచుకొను గుణము మాత్రము దానికిని సమృద్ధిగా కలదు.

ఇట్టి ఫైల్ సిస్టమునకు డిస్కులను ఉన్నవియున్నట్లు చూపు కార్డు కావలెను. తనదంటూ ఒక బుద్ధి లేక, మాట మోయుట మాత్రమే పనిగా గలది. దానిని హెచ్‌బీఏ అందురు. ఇందుకు ఎల్ఎస్ఐ వారి శాస్2008 చిప్పు చరిత్ర చక్కని నిదర్శనము. ఆ ఒక్క చిప్పే ఎల్ఎస్ఐ 9211-8ఐ గాను, ఐబీఎమ్ ఎమ్1015 గాను, డెల్ హెచ్200 గాను అమ్ముడుపోయినది. లోపల నింపిన ఫర్మ్‌వేరును బట్టి ఒకచోట రెయిడ్ కార్డుగా ప్రవర్తించును, ఐటీ అను ఫర్మ్‌వేరు నింపినచోట డిస్కులను నేరుగా చూపు హెచ్‌బీఏగా ప్రవర్తించును. అందుచేత ప్రపంచమందంతటను జెడ్ఎఫ్ఎస్ వాడువారు పాత సర్వర్లనుండి తీసిన ఆ కార్డులను కొని, ఫర్మ్‌వేరు మార్చి వాడుకొనిరి. నేడు క్రొత్తగా కొనువారికి నేను ఆ తరమును సూచింపను. 2019లో వచ్చిన రెడ్ హ్యాట్ ఎంటర్‌ప్రైజ్ లినక్సు 8, శాస్2008ను తన డ్రైవరు పట్టికనుండి తొలగించెను. ఆపరేటింగ్ సిస్టమును నవీకరించిన ఉదయమున డిస్కులు కనబడకపోవుట ఏ సంస్థయు కోరుకొనునది కాదు. దాని తరువాతి శాస్3008 చిప్పు గల, 12 గిగాబిట్ల తరపు 9300-8ఐ గాని, అంతకు క్రొత్తవి గాని కోరవలెను. అంగడిలో నకిలీ కార్డులు విస్తారముగా తిరుగుచున్నవి గనుక, బిల్లు ఇయ్యగల విక్రేత యొద్దనే కొనవలెను.

రెయిడ్ కార్డు ఇదివరకే చేతనున్నవారు, ఒక్కొక్క డిస్కును ఒంటరి రెయిడ్ జీరోగా చేసి జెడ్ఎఫ్ఎస్‌కు అప్పగించుట కలదు. ఇది రెండు పద్ధతుల నష్టములను ఒకచోట చేర్చుకొనుట. డిస్కుల ఆరోగ్యసూచికలు కార్డు వెనుక మరుగుపడును, వ్రాతల వరుస కార్డు మెమొరీ ఇచ్ఛ ననుసరించును, పట్టిక మరల పరాధీనమగును. మదర్‌బోర్డుతో ఉచితముగా వచ్చు రెయిడ్ అంతకంటెను హీనము. దానికి కార్డు ప్రాసెసరు లేదు, బ్యాటరీ లేదు, కాని పరాధీనత మాత్రము సంపూర్ణముగా ఉన్నది.

మిగిలిన సంగతులు క్లుప్తముగా చెప్పవచ్చును. శాస్ కార్డునకు సాటా డిస్కులు తగిలించవచ్చును. సాటా పోర్టునకు శాస్ డిస్కు పట్టదు. శాస్ డిస్కునకు రెండు ద్వారములు ఉండుటచేత రెండు కంట్రోలర్లతో నడుపవచ్చును. సర్వరు ఒక్క నిమిషమైనను ఆగరాని ఆసుపత్రి వంటి చోట ఆ అదనపు వెల సార్థకము. డిస్కులు ఎనిమిదికి మించినచో కార్డులను పెంచుటకంటె శాస్ ఎక్స్‌పాండరు గల బ్యాక్‌ప్లేన్ మేలు. ఒక్క డిస్కు మొరాయించినచో తక్కినవానిని కూడ స్తంభింపజేయు చవుకరకపు సాటా పోర్టు మల్టిప్లయరును వ్యాపారస్థలమునకు రానీయరాదు. ఏ పద్ధతికైనను, దోషస్థలము తగిలినపుడు సుమారు 7 సెకనులకు ప్రయత్నము విరమించి నిజము చెప్పు నాస్ లేక ఎంటర్‌ప్రైజ్ డిస్కులనే వాడవలెను. బల్లమీది కంప్యూటర్ల డిస్కు అదే చోటును పట్టువదలక మరల మరల చదువుచు మౌనము వహించినపుడు, రెయిడ్ కార్డు దానిని మృతమని యెంచి కూటమినుండి వెలివేయును. ఎన్‌వీఎమ్ఈ డిస్కుల విషయము వేరు. సాటాకు 32 ఆజ్ఞల వరుస ఒక్కటి యుండగా, ఎన్‌వీఎమ్ఈ ప్రమాణము 64 వేలకు పైబడిన వరుసలను అనుమతించుచు, కంట్రోలరును డిస్కులోనే నిలిపి, నేరుగా పీసీఐ ఎక్స్‌ప్రెస్ మార్గమునకు తగిలించుచున్నది. అచ్చట నడుమ కార్డు చాలవరకు అనావశ్యకము.

వేడిమినిగూర్చి మాత్రము ఒకింత నొక్కి చెప్పవలెను. ఈ కార్డులకు సొంత ఫ్యాను ఉండదు; ర్యాకు సర్వరులోని పెద్ద ఫ్యానులు హోరున గాలిని తోలునని నమ్మి వీటిని నిర్మించిరి. దానిని నిశ్శబ్దముగా నడుచు టవర్ పెట్టెలో అమర్చి, సాయంకాలము ఏసీ ఆపి గదికి తాళము వేసి పోవు మన కార్యాలయములలో, మే నెల రాత్రులందు ఆ చిప్పు పడు అవస్థ వర్ణనాతీతము. అట్టిచోట హీట్‌సింకునకు ఎదురుగా ఒక చిన్న ఫ్యాను బిగించుట విధాయకము. కొన్ని వందల రూపాయలతో పోవు పని.

ఇక తీర్పు. విండోస్ సర్వరు నడుపువారికిని, సొంత సాఫ్ట్‌వేర్ రెయిడ్ లేని వీఎమ్‌వేర్ ఈఎస్ఎక్స్ఐని సర్వరులోని డిస్కులమీదనే నిలుపువారికిని, ఫ్లాష్ కాపు గల పేరున్న హార్డ్‌వేర్ రెయిడ్ కార్డు నేటికిని సరియైన ఎంపికయే. వారు ఆరవ అంతస్తునో, డిస్కులను జంటలుగా చేయు పదవ అంతస్తునో వాడి, అదే నమూనా కార్డును మరియొకదానిని మొదటినాడే కొని బీరువాలో ఉంచవలెను. ఫైళ్లను పంచుటయే ప్రధానకార్యముగా గల సంస్థలకు, అనగా మన ఆడిటర్లు, ముద్రణాలయములు, పాఠశాలలు, చిన్న ఆసుపత్రులు మొదలగువారిలో అధికసంఖ్యాకులకు, సాదా హెచ్‌బీఏయు, చెక్‌సమ్ గల ఫైల్ సిస్టమును, రెండు పారిటీలును, డిస్కు చెడిన క్షణముననే ఒక మనిషికి సందేశము పంపు ఏర్పాటును నా దృష్టిలో నిస్సంశయముగా శ్రేష్ఠము. డేటాబేసు వ్రాతలకు వేగము కావలసినచో, కరెంటు పోయినను వ్రాతను కాపాడుకొను సామర్థ్యము గల చిన్న ఎస్ఎస్‌డీని వ్రాతల చిట్టా (లాగ్) కొరకు వేరుగా అమర్చవచ్చును. ఏ కార్డును, ఏ పారిటీయు, పొరపాటున తుడిచివేసిన ఫైలును గాని, రాన్సమ్‌వేర్ గ్రసించిన ఫైలును గాని, అగ్నిప్రమాదమున కాలిన పెట్టెను గాని తిరిగి తేజాలదు. మరియొక ఊరిలో మరియొక ప్రతి ఉండియే తీరవలెను.

పాఠకునకు ఒక్క విన్నపము. క్రొత్త సర్వరు వచ్చిన వారమున, లెక్కపుస్తకములను దానికి అప్పగింపకమునుపే, ప్రయోగార్థము కొన్ని ఫైళ్లను నింపి, నడుచుచుండగానే ఒక డిస్కును మీ చేతితో లాగివేయుడు. సందేశము వచ్చినదా, వేరొక డిస్కు పెట్టినపుడు కూటమి మరల నిండినదా చూడుడు. పిమ్మట సర్వరును ఆపి, కంట్రోలరు కార్డును తీసి, బీరువాలోని రెండవ కార్డును బిగించి, ఫైళ్లన్నియు తెరచుకొనుచున్నవా చూడుడు. విక్రేత ఎదుటనే ఈ పరీక్ష జరిపించి, అందులో నెగ్గిన పిమ్మటనే బిల్లు చెల్లింపుడు.